థలసీమియా క్యారియర్ దంపతులకు పిండ పరీక్ష: అండం దగ్గర నుంచి మొదలుపెడదాం

అందరికీ నమస్కారం.

భార్యాభర్తలిద్దరూ బీటా థలసీమియా క్యారియర్లయితే (జబ్బు లేకుండా, జన్యువు రెండు కాపీల్లో ఒకదానిలోనే లోపం ఉన్నవాళ్లు), ప్రతి గర్భంలోనూ బిడ్డకు తరచూ రక్తం ఎక్కించాల్సి వచ్చే థలసీమియా మేజర్ వచ్చే అవకాశం 25 శాతం. పిండాన్ని గర్భాశయంలో పెట్టకముందే పరీక్షించి ఈ ముప్పు తప్పించవచ్చని మీలో చాలామంది వినే ఉంటారు. కానీ పరీక్ష గురించి అడిగినంతగా అండాల గురించి ఎవరూ అడగరు. పరీక్షకు ఎన్ని పిండాలు అందుతాయన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలు విభజన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతాయి. ఏళ్ల తర్వాత, అండం విడుదలను నడిపే ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా పెరిగినప్పుడు, ఎదిగిన అండం ఆ ఆగిన పనిని అందుకుంటుంది. సగం క్రోమోజోములను పోలార్ బాడీ అనే చిన్న కణంగా బయటికి నెట్టేస్తుంది. మైక్రోస్కోపులో అది కనిపిస్తేనే అండం పక్వమైనట్టు.

ఐవీఎఫ్‌లో, అంటే అండాన్నీ శుక్రకణాన్నీ ల్యాబ్‌లో కలిపే చికిత్సలో, ఈ పని ట్రిగర్ ఇంజెక్షన్‌ది. పెద్ద ఫాలికల్స్ (అండాశయంలో అండాలు పెరిగే నీటి సంచులు) 17, 18 మిల్లీమీటర్లకు వచ్చాక ఇస్తారు. సుమారు 36 గంటలకు అండాలు తీస్తారు. అంటే సోమవారం రాత్రి 10కి ఇంజెక్షన్ అయితే బుధవారం ఉదయం 10కి. మూడు గంటలు ఆలస్యంగా వేసుకుని ఆ మాట చెప్పకపోతే కొన్ని అండాలు పచ్చిగానే చేతికి రావచ్చు, కొన్ని అసలు ఊడిరాకపోవచ్చు. ముందే వేసుకుంటే తీసేలోపు విడుదలైపోవచ్చు. దయచేసి, టైమ్ తప్పితే వెంటనే ఫోన్ చేయండి. థియేటర్ టైమ్ మార్చుకోవచ్చు.

పచ్చి అండాన్ని ల్యాబ్‌లో మరో రోజు ఉంచితే పక్వం కావచ్చు. కానీ దాని నుంచి మంచి పిండం వచ్చే అవకాశం తక్కువ. దాన్ని నమ్ముకుని లెక్క వేసుకోవద్దు.

అండం చుట్టూ తల్లి కణాలు దట్టంగా ఉంటాయి. హయాలురోనిడేజ్ ఎంజైములో కొద్ది సెకన్లు ఉంచి, సన్నటి పిపెట్‌తో లోపలికీ బయటికీ లాగుతూ వాటిని ఒలుస్తారు. జన్యు పరీక్ష చేసేటప్పుడు ఇక్కడ ఒక్క కణం మిగిలినా ప్రమాదమే. తర్వాత పిండం నుంచి తీసేది 5 నుంచి 8 కణాలే. వాటి డీఎన్‌ఏను లక్షల రెట్లు పెంచుతారు. తల్లి కణం కలిస్తే అదీ పెరిగి రిపోర్టును తప్పుదారి పట్టిస్తుంది. అండం పైపొరకు అంటుకున్న శుక్రకణాలతోనూ ఇదే చిక్కు. అందుకే ఒక్కో పక్వమైన అండంలోకి ఒకే శుక్రకణాన్ని సూదితో పంపే ఇక్సీ పద్ధతి వాడతారు.

ఫలదీకరణ తర్వాత 5వ లేదా 6వ రోజు, పిండంలో మాయగా మారబోయే పైపొర నుంచి లేజర్‌తో ఆ కణాలు తీసి, పిండాన్ని మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌లో భద్రపరుస్తారు.

ఇంత తక్కువ డీఎన్‌ఏలో, తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు జన్యు కాపీల్లో ఒకటి కనబడకుండా పోవచ్చు. అందుకని మ్యుటేషన్ (జన్యులోపం) ఒక్కదాన్నే కాక, దాని పక్కనున్న మార్కర్లనూ (ఆ కాపీని గుర్తుపట్టడానికి పనికొచ్చే డీఎన్‌ఏ గుర్తులు) చూస్తారు. ఏ మార్కర్లు ఏ కాపీతో వస్తున్నాయో తెలియాలంటే దంపతులతోపాటు జబ్బున్న బిడ్డ రక్తమో, ఇరువైపుల తల్లిదండ్రుల రక్తమో కావాలి. మేనరికమైతే మరీ ముందు రావాలి. భార్యాభర్తలకు ఒకే పూర్వీకుల నుంచి అవే మార్కర్లు వచ్చి ఉంటే, ఏది ఎవరిదో విడదీయడానికి ఇంకా ఎక్కువ మార్కర్లు వెతకాల్సి వస్తుంది. క్యారియరా కాదా అని చెప్పే హెచ్‌బీఏ2 రక్త పరీక్ష రిపోర్టు ఒక్కటే సరిపోదు. ఐవీఎస్ 1-5 లాంటి మ్యుటేషన్ పేరు రాసిన డీఎన్‌ఏ రిపోర్టు ఇద్దరిదీ తేవాలి. ఇవన్నీ ఇంజెక్షన్లు మొదలుపెట్టకముందే పూర్తవ్వాలి.

లెక్క ఇలా ఉండొచ్చు: 12 అండాలు తీస్తే 9 పక్వమైనవి, 6 ఫలదీకరణ చెందుతాయి, 3 బ్లాస్టోసిస్ట్ (5, 6 రోజుల పిండం) దాకా వస్తాయి. వాటిలో మేజర్ లేనివి సగటున రెండు. క్యారియర్ పిండాన్ని పక్కన పెట్టనక్కర్లేదు, ఆ బిడ్డ మీలాగే ఆరోగ్యంగా ఉంటుంది. ఆడా మగా అన్నది ఏ ల్యాబ్ చెప్పినా నేరమే. ఈ జబ్బుకు ఆ సమాచారం అవసరం కూడా లేదు.

గర్భం నిలిచాక 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి ముక్క తీసి చేసే సీవీఎస్ పరీక్షతో ఫలితాన్ని మరోసారి నిర్ధారించుకోండి. పిండ పరీక్షలో తప్పు జరిగే అవకాశం తక్కువే కానీ, సున్నా కాదు.