డబ్బా వెనక ఉన్న రెండక్షరాలు

నమస్కారం. మెకానిక్ అన్నలూ ఉన్నారు, కార్లున్నవాళ్లూ ఉన్నారు కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను.

ఆయిల్ మార్చేటప్పుడు అందరం అడిగేది "5డబ్ల్యూ-30 యేనా?" అని. అది చిక్కదనం సంగతి. టర్బో ఉన్న డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కారుకు ఆ ఒక్కటి చూస్తే చాలదు. డబ్బా వెనక ఎస్‌పీ లాంటి గ్రేడు అక్షరాలూ చూడాలి. ఎందుకో చెప్తాను.

ఘాట్ రోడ్డు ఎక్కుతున్నారనుకోండి. నాలుగో గేరు, స్పీడు పడిపోయింది, ఆర్‌పీఎం 1500 దగ్గరుంది. గేరు తగ్గించడానికి బద్ధకించి యాక్సిలరేటర్ అదిమారు. టర్బో గాలిని కుక్కుతుంది. ఇంజెక్టర్ నేరుగా సిలిండర్‌లోకే పెట్రోల్ చిమ్ముతుంది. అందులో కొంత గోడకు తగిలి, అక్కడి ఆయిల్ పొరను పల్చన చేస్తుంది. ఆ రెండూ కలిసిన తడి పిస్టన్ పై రింగు దగ్గర సందులో చేరుతుంది. ఎప్పుడో ఓ చుక్క అక్కడి నుంచి ఎగిరి, ప్లగ్ స్పార్క్ ఇవ్వకముందే అంటుకుంటుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తూనే ఉంటుంది, మంట దానికి ఎదురొస్తుంది.

దీన్నే లో స్పీడ్ ప్రీ ఇగ్నిషన్ అంటారు. మామూలు నాకింగ్, అంటే ఇంజిన్ టకటక కొట్టుకోవడం అయితే కారు కంప్యూటర్ స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేసి సర్దేస్తుంది. ఇక్కడ స్పార్క్‌తో పనే లేకుండా మంట పుట్టింది, ఇంకేం సర్దుతుంది? దెబ్బ గట్టిగా తగిలితే పిస్టన్‌లో రింగుల మధ్య గట్టు విరుగుతుంది, కనెక్టింగ్ రాడ్ వంగినా ఆశ్చర్యం లేదు.

ఇందులో ఆయిల్ పాత్ర ఎక్కువగా కాల్షియంది. లోపల మడ్డి పట్టకుండా కలిపే డిటర్జెంట్‌లో ఉంటుందది. అది ఎక్కువైతే ఈ ముప్పు పెరుగుతుందని పరీక్షల్లో తేలింది. అందుకే చాలా ఆయిళ్లలో కొంత కాల్షియం తగ్గించి మెగ్నీషియం వేశారు. ఆయిళ్లకు గ్రేడులిచ్చే అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ 2018 మేలో ఎస్‌ఎన్ ప్లస్, 2020 మేలో ఎస్‌పీ గ్రేడు తెచ్చింది. ఎస్‌పీ కోసం ఆయిల్‌ను ఫోర్డ్ 2.0 లీటర్ ఎకోబూస్ట్ ఇంజిన్‌లో నడిపి, ఇలాంటి తొందరపాటు మంటలెన్ని వచ్చాయో లెక్కపెడతారు. 2025లో వచ్చిన జీఎఫ్-7 అనే ఆయిల్ ప్రమాణం అయితే వాడి పాతబడ్డ ఆయిల్‌కూ పరీక్ష పెట్టింది. డబ్బా మీద "ఫుల్లీ సింథటిక్" అని ఎంత పెద్దగా రాసినా, ఈ పరీక్ష పాసైనట్టు కాదు. ధర చూసి మోసపోకండి.

మెకానిక్ అన్నలకు ఒక్క మాట. డీజిల్ ఆయిళ్లలో సాధారణంగా కాల్షియం ఎక్కువే. జీపుకు పోసిన డ్రమ్ములోంచే టర్బో పెట్రోల్ కారుకూ పోయకండి. కారు మాన్యువల్‌లో ఏ గ్రేడు అడిగారో చూసి, డబ్బా వెనక అదే ఉందని కస్టమర్‌కు చూపించి మరీ మూత తీయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.