ఇంటి బయట మండే పొయ్యి

శ్రోతలకు నమస్కారం. ఈ రోజు నేను కట్టెల పొయ్యి గురించి మాట్లాడతాను. వంట పొయ్యి గురించి కాదు. పెరట్లో నిలబడి ఇంట్లో గదులన్నిటినీ వెచ్చగా ఉంచే పొయ్యి గురించి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, పల్లెల వైపు వెళ్తే ఇలాంటివి అక్కడక్కడా కనిపిస్తాయి. దీన్ని ఔట్‌డోర్ వుడ్ ఫర్నేస్ అంటారు.

ముందు చలి సంగతి చెప్పాలి. లేకపోతే ఇంత శ్రమ ఎందుకో అర్థం కాదు. విస్కాన్సిన్ అమెరికా ఉత్తరపు అంచున ఉంది. జనవరి రాత్రుల్లో సున్నాకి 20 డిగ్రీలు కిందికి దిగితే అక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. 1996 ఫిబ్రవరి 4న కూడరే అనే చిన్న ఊళ్లో మైనస్ 48 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. ఆ రాష్ట్రంలో అదే రికార్డు. అలాంటి చలిలో ఇల్లు వేడిగా లేకపోతే ముందు గోడల్లోని నీళ్ల పైపులు గడ్డకట్టి పగిలిపోతాయి. ఆ తర్వాత మనుషుల సంగతి.

పట్నాల్లో భూమి కింద గ్యాస్ లైన్లు ఉంటాయి, ఇబ్బంది లేదు. పల్లెల్లో చాలా ఇళ్లకు ఆ లైను రాదు. ప్రొపేన్ గ్యాసు లారీలో తెచ్చి పెరట్లోని ట్యాంకు నింపి వెళ్తారు. 2013లో మొక్కజొన్న కోతలు ఆలస్యమయ్యాయి, గింజ తడిగా ఉంది. దాన్ని ఆరబెట్టడానికి రైతులు ప్రొపేన్ తెగ వాడారు. ఆ వెనకే చలి విరుచుకుపడింది. 2014 జనవరి ఆఖరుకు, విస్కాన్సిన్ ఉన్న మిడ్‌వెస్ట్ ప్రాంతంలో గాలన్ ప్రొపేన్ ధర 4 డాలర్లు దాటింది. చలికాలం నడిమధ్యలో ట్యాంకులో గ్యాసు అడుగంటుతుంటే ఇంట్లోవాళ్లకు ఎంత టెన్షనో ఊహించండి. మనకు సొంత చెట్లున్నప్పుడు వాళ్ల ధర మీద ఎందుకు బతకాలి అనే ఆలోచన రైతు బుర్రలో రావడం సహజం.

ఇక పొయ్యి ఎలా పనిచేస్తుందో చెబుతాను. చూడటానికి చిన్న రేకుల గది. ముందు బరువైన ఇనుప తలుపు, పైన పొగగొట్టం. లోపల మందపాటి ఉక్కు పెట్టె, అందులో మంట. ఆ పెట్టె చుట్టూ కాస్త ఖాళీ వదిలి, బయట ఇన్సులేషన్‌తో, అంటే వేడి పోనివ్వని పొరతో, ఇంకో తొడుగు వేస్తారు. ఇంట్లో చల్లబడిన గాలి ఒక పెద్ద గొట్టం గుండా ఆ ఖాళీలోకి వస్తుంది. బ్లోయర్ అనే పెద్ద ఫ్యాను దాన్ని కాలుతున్న ఉక్కు పెట్టె చుట్టూ తిప్పి, రెండో గొట్టం గుండా మళ్లీ ఇంట్లోకి నెడుతుంది. అక్కడినుంచి డక్టుల ద్వారా గదిగదికీ వేడిగాలి అందుతుంది. పొగ మాత్రం పెట్టెలోంచి నేరుగా పైకి పోతుంది. ఇంట్లో తిరిగే గాలి, పొయ్యిలోని పొగ ఎక్కడా కలవవు.

ప్రకాశం జిల్లాలోనో గోదావరి జిల్లాల మెట్ట ఊళ్లలోనో వర్జీనియా పొగాకు ఆరబెట్టే గదులు, అదే బ్యారన్లు చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. అక్కడా పొయ్యి నోరు బయటికే ఉంటుంది. కట్టెలు బయటినుంచే వేస్తారు. వేడి రేకు గొట్టాల్లో తిరుగుతుంది, ఆకుకు పొగ సోకదు. బ్యారన్‌లో వేడి తనంతట తానే పైకి లేస్తుంది. ఇక్కడ దాన్ని ఫ్యాను తోస్తుంది, తేడా అంతే. బయటి పొయ్యిల్లో నీళ్లు కాచి పైపుల్లో పంపే రకం కూడా ఉంది. అది ఇంటికి దూరంగా పెట్టుకోవచ్చు, షెడ్డుకూ ఇంటికీ రెంటికీ వేడి ఇవ్వొచ్చు. కానీ ఎప్పుడైనా మంట ఆరితే నీళ్లు గడ్డకడతాయన్న భయం ఉంటుంది. గాలి పొయ్యికి ఆ బాధ లేదు. నాలుగు రోజులు ఊరెళ్లాల్సొస్తే మంట ఆర్పేసి, ఇంట్లోని గ్యాస్ హీటర్ ఆన్ చేసి వెళ్లిపోవచ్చు. అలాగని గ్యాస్ హీటర్ గాలి వెనక్కి తన్ని బయటి పొయ్యిలోకి పోకుండా మధ్యలో ఒక తలుపు రేకు ఉండాలి. దాన్ని డ్యాంపర్ అంటారు. చిన్న వస్తువే. అది లేకపోతే మనం డబ్బు పోసి కొన్న వేడి పెరట్లోకి పోతుంది.

లోపల ఇంత చోటుండగా బయట ఎందుకని చాలామంది అడుగుతారు. నిప్పు ఇంట్లో ఉండదు, అది మొదటి కారణం. బెరడు ముక్కలు, కట్టెల్లో దాక్కున్న పురుగులు, బూడిద, మసి ఇవేవీ గడప దాటవు. పిల్లలున్న ఇంట్లో ఇది ఎంత పెద్ద సుఖమో చెప్పలేను. దానికి మూల్యం కూడా ఉంది. పొయ్యికీ ఇంటికీ మధ్య గొట్టం ఎంత పొడుగైతే అంత వేడి దారిలో పోతుంది. అందుకే ఈ రకం పొయ్యిని ఇంటికి కొద్ది అడుగుల దూరంలోనే పెట్టి, గొట్టాలకు మందంగా ఇన్సులేషన్ చుడతారు. ఇన్సులేషన్ తడవకుండా పైన రేకు తొడుగు వేయాలి. తడిసిన ఇన్సులేషన్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఎలుకలు కూడా వెచ్చదనం వెతుక్కుంటూ అందులోకే వస్తాయి. గొట్టం గోడలోకి దూరే చోట జల్లెడ వేసి సందులన్నీ మూయాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పొయ్యి ఎంత ఖరీదైనదైనా కట్టె ఎండకపోతే దండగ. అప్పుడే కొట్టిన ఓక్ కట్టె బరువులో 40 శాతం పైగా నీళ్లే. దాన్ని మండిస్తే వేడిలో పెద్ద వాటా ఆ నీళ్లను ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. మంట వేడి లేకుండా, మందకొడిగా మండుతుంది. కాలకుండా మిగిలిన పొగ పైకి పోతూ గొట్టం గోడలకు నల్లటి తారులా అంటుకుంటుంది. దాన్ని క్రియోసోట్ అంటారు. అది పేరుకుపోయి ఒక రోజు నిప్పంటుకుంటే పొగగొట్టమే మండుతుంది. కట్టెలో తేమ 20 శాతానికి మించకూడదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. యాష్, మేపుల్ లాంటి చెట్లు చీల్చి పేర్చిన ఏడాదికి ఆ స్థాయికి వస్తాయి. ఓక్‌కు రెండేళ్లు కావాలి. అంటే వచ్చే ఏడాది చలికి కావలసిన ఓక్ నిరుడే కొట్టి ఉండాలి. కొత్తగా పొయ్యి కొన్నవాళ్లలో చాలామంది అక్టోబరులో పొయ్యి దింపించుకుని, నవంబరులో కట్టెలు కొనడానికి బయల్దేరతారు. అప్పుడు దొరికేది చాలావరకు పచ్చి కట్టే. నా సలహా అడిగితే ముందు కట్టెలు పేర్చుకోండి, అవి ఎండాక పొయ్యి కొనండి అంటాను.

పేర్చడంలోనూ పద్ధతి ఉంది. మొద్దులు మొద్దులుగా ఉంచితే ఏళ్లు గడిచినా లోపలి చెమ్మ పోదు, బెరడు పట్టి ఉంచుతుంది. చీల్చాలి. నేలకు ఆనకుండా కింద చెక్క ప్యాలెట్లు వేసి, గాలి వీచే వైపు చూసుకుని, ఒకే వరసగా పేర్చాలి. కప్పు పైన మాత్రమే ఉండాలి. టార్పాలిన్‌తో నిలువునా కప్పేస్తే లోపల బూజు పడుతుంది. కట్టె ఎండిందీ లేనిదీ చూడటానికి చిన్న మీటర్లు దొరుకుతాయి. అయితే మీటర్ సూదులు బయట ఎండిన అంచులో గుచ్చకూడదు. కట్టెను అప్పటికప్పుడు మళ్లీ చీల్చి, లోపలి తాజా ముఖం మీద గుచ్చాలి. మీటర్ లేకపోతే రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండినవి ఖంగుమంటాయి. పచ్చివి దబ్‌మంటాయి. ఎండిన కట్టె కొసలకు మధ్యలోంచి అంచుకు బీటలు వారి ఉంటాయి, చేతికి తేలిగ్గా ఉంటుంది.

కట్టెలు కొనేటప్పుడు కొలత జాగ్రత్త. అక్కడ లెక్క కార్డ్. 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవు పేర్చితే ఒక కార్డ్, 128 ఘనపుటడుగులు. ఫేస్ కార్డ్ అని ఇంకో మాట వినిపిస్తుంది. అది 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవే గానీ లోతు ఒక్క కట్టె పొడవంతే. 16 అంగుళాల కట్టెలైతే కార్డ్‌లో మూడో వంతు. ధర చెప్పగానే ఏ కార్డ్ అని అడగాలి.

ఆ వైపు ఇప్పుడు యాష్ కట్టెకు కొరత లేదు. అందుకు కారణం మాత్రం బాధ కలిగించేది. ఆసియా నుంచి వచ్చిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పురుగు 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడింది. 2008లో విస్కాన్సిన్‌లో కనిపించింది. దాని పిల్ల పురుగులు బెరడు కింద తొలుచుకుంటూ పోయి చెట్టుకు ఆహారం అందకుండా చేస్తాయి. చచ్చిన యాష్ బెరడు ఊడదీస్తే కింద చెక్క మీద వంకర్లు తిరిగిన దారులు కనిపిస్తాయి. నిండుగా పెరిగిన చెట్లు కొన్నేళ్లలోనే నిలువునా ఎండిపోయాయి. అవి ఇప్పుడు పొయ్యిల్లోకి వస్తున్నాయి. కట్టెలతో పాటు పురుగు కూడా ప్రయాణిస్తుంది కాబట్టి ఒక చోటి కట్టెలు దూరం తీసుకుపోవద్దంటారు. విస్కాన్సిన్ స్టేట్ పార్కుల్లోకి 10 మైళ్ల లోపలి కట్టెలనో, ధ్రువీకరణ ఉన్నవాటినో తప్ప రానివ్వరు. ఇది ప్రతి ఒక్కరూ పాటించాల్సిన నియమం. ఒక్క కారు డిక్కీ నిండా కట్టెలు చాలు, ఇంకో అడవికి చావు తెచ్చిపెట్టడానికి.

ఇక రోజువారీ పని. పడుకునే ముందు ఒకసారి, పొద్దున్నే ఒకసారి పొయ్యి దగ్గరికి వెళ్లాలి. మంచులో దారి తవ్వుకుని ఉంచుకోవాలి. తలుపు గబుక్కున తెరవకూడదు. ముందు మంటకు గాలి ఇచ్చే చిన్న ఫ్యాను ఆపాలి. తర్వాత తలుపు వేలెడంత తీసి, కాసేపు ఆగాలి. లోపల గాలి చాలక మగ్గుతున్న పొగకు ఒక్కసారిగా గాలి తగిలితే మంట మొహం మీదికి ఎగదన్నుతుంది. పక్కకు నిలబడి, తోలు గ్లవుజులు వేసుకుని, పొడవాటి కమ్మీతో నిప్పులు ముందుకు లాగాలి. ఎర్రటి నిప్పుల మీద ముందు సన్న కట్టె, ఆ పైన లావు కట్టె. నిప్పు రాజుకుని చిటపటలు మొదలయ్యాక తలుపు బిగించాలి. పెట్టె వేడెక్కాకే స్విచ్ పెద్ద బ్లోయర్‌ని ఆన్ చేస్తుంది, లేకపోతే ఇంట్లోకి చల్లగాలి కొడుతుంది.

పెట్టె నిండా కట్టెలు కుక్కితే రాత్రంతా చూసుకోనక్కర్లేదు కదా అనిపిస్తుంది. చలి తక్కువ ఉన్న రోజుల్లో అది మంచిది కాదు. ఇంటికి వేడి అక్కర్లేక, వేడిని బట్టి పనిచేసే థర్మోస్టాట్ స్విచ్ మంటకు గాలి ఆపేస్తుంది, నిండా ఉన్న కట్టెలు గంటల తరబడి మగ్గుతూ పొగ కక్కుతాయి. వాతావరణం చూసి కట్టెలు వేయాలి. అక్టోబరులో నాలుగు కట్టెలతో చురుగ్గా మండే మంట, జనవరిలో నిండు పెట్టె.

ఆ పొగ దగ్గర నేను కాస్త గట్టిగా మాట్లాడతాను. పొయ్యి మనది, వెచ్చదనం మనది, పొగ మాత్రం పక్కింటిది అయితే అది న్యాయం కాదు. కట్టెపొగలోని సన్నటి నుసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు, పసిపిల్లలకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు హాని. మన ఊళ్లలో పొయ్యి ముందు కూర్చుని కళ్లు మండించుకున్న ఆడవాళ్లకు ఆ పొగ ఏమిటో తెలుసు. ఈపీఏ 2015లో ఇలాంటి పొయ్యిలకు నిబంధనలు తెచ్చింది, 2020 మే నుంచి వాటిని ఇంకా బిగించింది. ఇప్పుడు కొత్తగా అమ్మే పొయ్యిలు ఆ పరీక్ష దాటినవై ఉండాలి. పాతవి మాత్రం ఇంకా పెరళ్లలో ఉన్నాయి. వాటిని వాడేవాళ్లు పొగగొట్టం ఇళ్ల కప్పుల కంటే ఎత్తుగా ఉంచి, ఎండు కట్టెలే వేస్తే పొరుగువాళ్లకు చాలా మేలు. రంగు వేసిన చెక్క, మందు పట్టించిన చెక్క, ప్లాస్టిక్, చెత్త ఏవీ అందులో వేయకూడదు.

కరెంటు పోతే ఫ్యానులు ఆగిపోతాయి. మంచు తుఫాను రోజే కరెంటూ పోతుంది కాబట్టి చిన్న జనరేటరో, బ్యాటరీయో సిద్ధంగా ఉండాలి.

చలికాలం ముగిసాక చేసే పని మరీ ముఖ్యం. పెట్టెలో బూడిద వదిలేస్తే వానాకాలపు చెమ్మ పీల్చుకుని ఉక్కును తినేస్తుంది. అందుకే వసంతంలో బూడిదంతా తీసి, గోడలు గీకి, లోపల పలుచగా నూనె పట్టించి, పొగగొట్టం మీద మూత పెట్టాలి. తీసిన బూడిదను మూతున్న ఇనుప డబ్బాలోనే పోయాలి. పైకి చల్లగా కనిపించినా అడుగున నిప్పు రోజుల తరబడి ఉంటుంది. అట్టపెట్టెలో పోసి వరండాలో పెట్టడం వల్ల ఇళ్లు కాలిపోయాయి. పూర్తిగా చల్లారాక తోటలో కొద్దిగా చల్లుకోవచ్చు, పొటాషియం ఉంటుంది.

అక్కడ పల్లె వైపు ఇల్లు కొని, పెరట్లో ఇలాంటి పాత పొయ్యి చూసి ముచ్చటపడే మనవాళ్లకు ఒక మాట. వెలిగించే ముందు, చీకటి పడ్డాక పెట్టె లోపల బాగా వెలుగునిచ్చే లైటు పెట్టి తలుపు మూయండి. గాలి గొట్టాలు ఊడదీసి అటువైపు నుంచి చూడండి. ఎక్కడైనా అతుకుల్లోంచి వెలుగు కనిపిస్తే అక్కడ పగులు ఉన్నట్టే. ఆ పగుల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ ఇంటి గాలిలో కలుస్తుంది. దానికి రంగూ వాసనా లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అలాంటి పెట్టెను తెలిసిన వెల్డర్‌కు చూపించకుండా ముట్టించొద్దు. పగులు లేకపోయినా ప్రతి పడకగది దగ్గరా కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి. ఇంటి ఇన్సూరెన్స్ కంపెనీకి పొయ్యి సంగతి రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్ల జవాబు కూడా రాతలోనే తీసుకోండి.

నమస్కారం.