నాగమణి కోపం ఏ చార్టులోనూ దొరకలేదు: ఎక్స్‌ప్రెషన్స్ ప్రాక్టీస్ రివ్యూ

నమస్తే అండీ. ఈసారి పెన్సిళ్లు, ట్యాబ్‌ల రివ్యూలు పక్కన పెట్టేశాను. ఇవాళ రివ్యూ ముఖాలు గీయడం గురించి.

నేను రాసుకుంటున్న కామిక్‌లో నాగమణి అని ఒక కండక్టర్ ఉంది. వయసు 42, పల్లెవెలుగు బస్సు, మెడలో టికెట్ మిషన్. కథ అయిపోయింది, బస్సు గీయడం కూడా వచ్చేసింది. ఆవిడ ముఖం మాత్రం ప్రతి పేజీలో ఒకటే. కోపం వస్తే కనుబొమలు కిందికి, ఏడుపొస్తే పైకి, అంతే. అందుకని ఒక నెల కూర్చుని మూడు రకాలుగా ప్రాక్టీస్ చేశాను: కొనుక్కున్న చార్టు, అద్దం, ఫోన్ వీడియో.

ముందు డబ్బు తగలేసిన సంగతి చెప్పేస్తా. చార్టు, 499 రూపాయలు. ఎక్కడ కొన్నానో అడక్కండి. అందులో 25 ముఖాలు, అన్నీ ఒకే కుర్రాడివి. కోపం అంటే కనుబొమలు వంకర తిరిగి, పళ్లు పటపటా కొరుకుతుంటాడు. అది చూసి నాగమణిని గీస్తే ఇదిగో, ఇలా వచ్చింది. (కాగితం కెమెరాకి దగ్గరగా) కండక్టరా, సీరియల్లో అత్తగారా? నిండు బస్సులో అలా పళ్లు కొరికితే మర్నాడు డిపో మేనేజర్ పిలుస్తాడు. కోపం ఉంటుంది, కానీ దాన్ని మింగాలి. మింగిన కోపానికి చార్టులో గడి లేదు.

మరి నవరసాలు ఉన్నాయిగా అంటారు కొందరు. ఉన్నాయి. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పినవి ఎనిమిది, శాంతం తర్వాత వచ్చి చేరింది. నాకూ ఇష్టమే. కానీ అవి నాటకంలో ఆఖరి వరసలో కూర్చున్నవాడికి కూడా కనపడాల్సిన ముఖాలు. నాగమణి ముఖం రెండడుగుల దూరంలో ఉన్న ప్యాసింజర్‌కి కనపడితే చాలు.

ఇక అద్దం. బజార్లో 60 రూపాయలు. దీనికి పదికి ఏడు ఇస్తా. ఏ కండరం ఎటు లాగుతోందో చూస్తూనే మనకి తెలుస్తుంది కూడా, అదే దీని గొప్పతనం. మా అమ్మ గుమ్మంలో నిలబడి, "ఏంటే, పొద్దున్నే అలా మూతి తిప్పుతున్నావ్, పిచ్చేమైనా పట్టిందా?" అంది. ఆవిడ ఆ మాట అన్నప్పటి ముఖం కూడా గీసేశాను, చెప్పొద్దు.

చిక్కేంటంటే, పెన్సిల్ పట్టుకోగానే ఎక్స్‌ప్రెషన్ జారిపోతుంది. కాగితం వైపు చూసి తల ఎత్తేసరికి మళ్లీ మామూలు ముఖం. దిగులైతే ఇంకా కష్టం. నిజమైన దిగులులో కనుబొమల లోపలి కొసలు, అంటే ముక్కు వైపు కొసలు, పైకి లేస్తాయి. కావాలని లేపమంటే చాలామందికి లేవవు. నాకూ లేవలేదు. చిన్నప్పుడు తప్పిపోయిన మా కుక్కని తలచుకుంటే లేచాయి. అరగంట దాకా మామూలు మనిషిని కాలేకపోయాను, అది వేరే సంగతి.

మూడోది ఫోన్ వీడియో. పదికి తొమ్మిది. ఒక మార్కు ఎందుకు కోశానంటే, ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుంటే ముక్కు వంకాయంత, చెవులు బఠాణీలంత వస్తాయి. మొదటి వారం గీసిన బొమ్మలన్నీ అలాగే పోయాయి. నాలుగడుగుల దూరంలో పెట్టి, వెనక కెమెరాతో జూమ్ చేసి తీయండి. ముఖం పెట్టి ఫొటో దిగొద్దు. నాగమణి డైలాగ్ చెప్తూ వీడియో తీసి, తర్వాత పాజ్ చేసుకుంటూ చూడండి.

నేను తీసుకున్న సీన్ ఇది. పొద్దున ఏడున్నర, బస్సు కిక్కిరిసి ఉంది. సగం మంది ఆడవాళ్లు, జీరో టికెట్లు కొట్టి కొట్టి వేళ్లు నొప్పి. ఒకాయన ఇరవై రూపాయల టికెట్‌కి అయిదొందల నోటు చాచాడు. "చిల్లర ఇవ్వండి సార్" అంటుంది నాగమణి. నవ్వుతూనే అంటుంది.

ఆ నవ్వు ఉందే, పది రోజులు పట్టింది. ఎంత గీసినా సంతోషంగానే కనపడేది. చివరికి పాత సంగతొకటి పనికొచ్చింది. ఫ్రాన్స్‌లో డుషెన్ అనే డాక్టర్ మనుషుల ముఖ కండరాలకి కరెంటు పెట్టి, ఫొటోలు తీసి 1862లో పుస్తకం వేశాడు. పెదవి కొసల్ని పైకి లాగే కండరం మన మాట వింటుంది, కంటి చుట్టూ ఉండేది మనసులో సంతోషం ఉంటేనే కదులుతుంది అన్నాడు. 1978లో ఎక్‌మన్, ఫ్రీసన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ముఖంలో కదలికలకి నంబర్లు కూడా ఇచ్చారు. పెదవి కొసలు లేవడం 12, చెంపలు లేచి కళ్లు చికిలించడం 6, పెదవులు బిగబట్టడం 24. లెక్కల క్లాసులా ఉంది కదా? కానీ నాగమణి నవ్వు ఏంటో అప్పుడే అర్థమైంది. 12 ఉంది, 6 లేదు. మాట అయిపోగానే 24 వచ్చేస్తుంది.

చూడండి. (పెన్సిల్‌తో చూపిస్తూ) కంటి కింద గీత ఉంది కదా, ఇది చెరిపేస్తున్నా. చెంప మీద వంపు కూడా తీసేస్తున్నా. నోరు ముట్టుకోలేదు. ఇప్పుడు చూడండి, ఇందాకటి సంతోషం ఏమైంది? ఇప్పుడు పై రెప్ప కాస్త ఎత్తుతా, నల్లగుడ్డు ఇంకొంచెం కనపడేలా. వెంట్రుకవాసి చాలు. ఎక్కువ ఎత్తి గుడ్డు పైన తెల్లదనం కనపడితే భయపడినట్టు ఉంటుంది.

ఇంకో మాట. మనలో చాలామందికి చెయ్యి దానంతటదే బాపు బొమ్మ కళ్ల వైపు వెళ్లిపోతుంది, నాకూ అంతే. అంత పెద్ద కళ్లలో చిన్న మార్పు కనపడటం లేదు నాకు. నాగమణి కళ్లు చిన్నవి చేశాక ఈ రెప్ప సంగతి పట్టుబడింది.

పళ్లు మాత్రం ఒక్కొక్కటీ గీయకండి, ముఖానికి పదేళ్ల వయసు పెరిగిపోతుంది.

ఇది నలభై ఒకటో బొమ్మ. కళ్లు కుదిరాయి, కనుబొమలు కుదిరాయి. కింది పెదవి ఇంకా మరీ మర్యాదగా ఉంది... ఉండండి, రబ్బరు ఎక్కడ పెట్టాను?