పది అంకెలు లెక్కపెట్టేంతసేపు

సభకు నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ నిర్వాహకులు చాలా మంచి మాటలు చెప్పారు, కృతజ్ఞతలు. చెప్పుకోవాల్సింది చాలా ఏళ్ళుగా నాలో నిలవ ఉండిపోయింది. అందుకే వేదిక మీద ఉన్న పెద్దలందరికీ కలిపి ఒకే నమస్కారం పెట్టి మొదలుపెడతాను.

నేను ముప్ఫై ఏళ్ళకి పైగా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేశాను. వైకల్యం ఉన్న పిల్లలు బడి ముగించి పెద్దవాళ్ళ జీవితంలోకి వెళ్ళే సమయంలో, చుట్టూ ఉన్నవాళ్ళు కలిసి ఎలా నిలబడాలి అన్నది ఇవాళ నాకిచ్చిన అంశం. చదువు, ఉద్యోగం, సొంత జీవితం అని కాగితం మీద మూడు భాగాలు రాసుకొచ్చాను. వాటి సంగతి తర్వాత. ముందు ఒక సోమవారం గురించి చెప్పాలి.

మా దగ్గర పన్నెండేళ్ళు చదివిన ఒక అబ్బాయికి శుక్రవారం నాడు సర్టిఫికెట్ ఇచ్చాం. ఫొటో తీశాం. చప్పట్లు కొట్టాం. అతని క్లాసుకి అదే ఆఖరి రోజు, మిగతా క్లాసులు మామూలుగానే నడుస్తున్నాయి. సోమవారం పొద్దున అతను ఎప్పటి టైముకే గేటు దగ్గరికి వచ్చాడు. యూనిఫాం వేసుకున్నాడు, బ్యాగు తగిలించుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక వాచ్‌మన్ నన్ను పిలిచాడు. నేను వెళ్ళి, "బాబూ, నీకు బడి అయిపోయింది కదా, ఇంటికి వెళ్ళు నాన్నా" అన్నాను. అతను కాసేపు ఊరుకున్నాడు. తర్వాత, "బడి ఇక్కడే ఉంది కదా టీచర్" అన్నాడు.

మంగళవారం కూడా వచ్చాడు. బుధవారం వాళ్ళమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఆ తర్వాత రాలేదు.

అతను కాసేపు ఊరుకున్నాడు అన్నాను చూశారూ, నేను చెప్పదలచుకున్నదంతా అందులోనే ఉంది. అతన్ని ఏదైనా అడిగితే జవాబు రావడానికి పది అంకెలు లెక్కపెట్టేంత సమయం పడుతుంది. ఆ సమయంలో కుడి బొటనవేలితో చొక్కా గుండీ అంచు తడుముతూ ఉంటాడు. వేలు ఆగిందంటే జవాబు సిద్ధమైనట్టు. మధ్యలో మనం ఇంకో మాట అన్నామా, మళ్ళీ మొదటికి వస్తుంది. ఇది కనిపెట్టడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. అప్పటిదాకా నేను కూడా, ఈ పిల్లాడికి ప్రశ్న అర్థం కావడం లేదు అనే రాశాను. కనిపెట్టాక బడిలో అందరికీ చెప్పాను. ఆ తర్వాత అతను లెక్కలు చేశాడు, కథలు చెప్పాడు, అంకెల వరసలో మా అందరికంటే ముందుండేవాడు.

బడి అయిపోయిన రెండు నెలలకి ఒక పనికి ఇంటర్వ్యూకి పిలిచారు. వచ్చిన పార్సిళ్ళని నంబర్ల ప్రకారం వేరుచేసే పని. అతని కోసమే పుట్టిన పని అది. వాళ్ళమ్మని బయట కూర్చోబెట్టారు, అయినా తలుపు తెరిచే ఉందట. లోపల ఉన్నాయన మర్యాదగానే అడిగాడట. నీ పేరేంటి? ఎంతవరకు చదివావు? ఈ పని నీకెందుకు ఇష్టం? ఆయన మూడో ప్రశ్న అడిగేసరికి, మనవాడు మొదటి ప్రశ్నకి జవాబుగా తన పేరు చెప్పాడు.

కాగితం మీద "అడిగినది అర్థం కావడం లేదు" అని రాశారు. పన్నెండేళ్ళ కిందట నేను రాసిన వాక్యమే.

ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకి ఎవరు చెప్పారు గనక? మేం పన్నెండేళ్ళు నేర్చుకున్నది బడి గేటు దాటలేదు. ఫైలు బీరువాలో పెట్టి తాళం వేశాం. ఆ పిల్లాడు ఒక్కడే గేటు దాటాడు.

ఇప్పుడు మీరంతా ఒక్క పని చేయండి. మనసులో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టండి, నింపాదిగా. నేను మాట్లాడను.

చూశారా? నాలుగు దాటేసరికి చాలామంది కుర్చీల్లో కదిలారు. అంతసేపు ఎదుటిమనిషి కోసం ఆగడం మనకి అలవాటు లేదు. కానీ ఆగాలని తెలిస్తే ఆగగలం, ఇప్పుడే ఆగారు కదా. ఆ తెలియడం ఎలా జరుగుతుంది, ఎవరి నుంచి ఎవరికి చేరుతుంది అన్నదే నా బాధ.

బడి నుంచి పెద్దల జీవితానికి వెళ్ళే దారిని వంతెనతో పోల్చడం ఈ రంగంలో పాత అలవాటు. 1984లో అమెరికాలో ప్రత్యేక విద్యా విభాగాన్ని చూసే అధికారి మాడెలిన్ విల్ ఆ పోలిక వాడారు. ఆమె స్వయంగా డౌన్ సిండ్రోమ్ ఉన్న అబ్బాయికి తల్లి. అయితే ఆ వంతెన ఉద్యోగం వరకే వేశారు. మరుసటి ఏడాదే ఆండ్రూ హాల్పెర్న్ అనే పరిశోధకుడు, ఉద్యోగం ఒక్కటే చాలదు, ఉండే ఇల్లు, చుట్టూ మనుషులు కూడా కావాలి అన్నాడు. నాకు ఆయన మాటే నచ్చుతుంది. జీతం వస్తుంది, పండగపూట పలకరించే దిక్కు ఉండదు. అలాంటి పిల్లల్ని నేను చూశాను.

వంతెనకి రెండు గట్లూ కావాలి. మేం టీచర్లం ఇవతలి గట్టు మీదే స్తంభాలు లేపుకుంటూ పోయాం. అవతల ఎవరున్నారో చూడలేదు.

అమెరికా ప్రత్యేక విద్యా చట్టంలో 1990 నుంచి ఈ దారి సంగతి ఉంది. 2004 సవరణ తర్వాత, విద్యార్థికి 16 ఏళ్ళు వచ్చేసరికి ప్రణాళిక మొదలవ్వాలి. దాని గురించి మాట్లాడే మీటింగుకి ఆ విద్యార్థిని పిలవాలి. బడి వదిలేటప్పుడు అతను ఏం చేయగలడో, ముందుకి వెళ్ళడానికి ఏ సాయం కావాలో రాసిన సారాంశం ఇవ్వాలి. ఇది మంచి ఏర్పాటు. మా అబ్బాయి చేతిలో అలాంటి కాగితం ఒక్కటి, గుండీ గురించి ఒక్క వాక్యంతో ఉండి ఉంటే! కానీ కాగితం తనంతట తాను ఎవరికీ ఏమీ చెప్పదు కదా. అవతల చదివే మనిషి ఉండాలి. చదివి అర్థం కాకపోతే ఫోన్ చేసేంత పరిచయం ఉండాలి. మనుషుల మధ్య ఆ పరిచయాన్నే నేను సమాజం అంటాను. దానికి బోర్డు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

ఈ మాట అంటే నా తోటివాళ్ళు కొందరు, "మేం రెఫర్ చేస్తూనే ఉన్నాం కదా మేడమ్" అంటారు. ఆ మాట వింటే నాకు కడుపు మండుతుంది. రెఫర్ చేయడమంటే ఏమిటి? చీటీ మీద ఒక అడ్రసు రాసి తల్లి చేతిలో పెట్టడం. ఆవిడ సెలవు పెట్టుకుని వెళ్తుంది. అక్కడ పిల్లాడి కథంతా మొదటి నుంచి చెబుతుంది. వాళ్ళు ఇంకో చీటీ ఇస్తారు. మళ్ళీ మొదటి నుంచి. ఒక తల్లి నాతో అంది, "టీచరమ్మా, వాడు పుట్టినప్పుడు ఎలా ఏడ్చాడో ఇప్పటికి పదకొండు ఆఫీసుల్లో చెప్పాను" అని. మనం ఒకరితో ఒకరం మాట్లాడుకోని లోటునంతా ఆ తల్లి కాళ్ళతో పూడుస్తోంది. నేను కూడా ఆ చీటీలు రాశాను. చాలా రాశాను.

చీటీ బదులు ఏం చేయాలి? ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. పిల్లకి పద్నాలుగేళ్ళు వచ్చేసరికి మొదటిసారి. టీచరు, తల్లిదండ్రులు, థెరపిస్టు ఎలాగూ ఉంటారు. పని ఇచ్చే ఒకరు, రోజూ ఎక్కబోయే బస్సు సంగతి తెలిసిన ఒకరు, ఇప్పటిదాకా చూసిన పిల్లల డాక్టరు, రేపటి నుంచి చూడబోయే పెద్దల డాక్టరు కూడా రావాలి. లేచేటప్పుడు ప్రతి ఒక్కరూ ఒక పని తమ పేరు మీద రాసుకుని లేవాలి. తర్వాతి మీటింగు ఆ పనులు అయ్యాయా లేదా అన్న దానితోనే మొదలవ్వాలి. "తగిన చర్యలు తీసుకోవాలని తీర్మానించడమైనది" అని రాశారంటే ఆ పని ఎవరిదీ కాదన్నమాటే.

ఆ బల్ల దగ్గర మొదటి కుర్చీ మాత్రం ఆ విద్యార్థిది. మాట్లాడలేకపోతే బొమ్మల కార్డులతో, సైగలతో, ఫోన్లో టైపు చేసి చెప్పనివ్వండి. తన గురించి ఏది బయట చెప్పొచ్చో, ఏది వద్దో కూడా తనే చెప్పాలి. మేం మా అబ్బాయి గురించి పెట్టిన ఆఖరి మీటింగులో ఆరుగురం కూర్చున్నాం. అతను వరండాలో బెంచీ మీద ఉన్నాడు. గంటసేపు అతని భవిష్యత్తు మాట్లాడుకుని బయటికొచ్చాక, "అంతా బాగా జరిగింది" అని నేనే చెప్పాను అతనికి.

రాసుకొచ్చిన కాగితంలో లేని ఒక మనిషి గురించి ఇక్కడ చెప్పాలి. ఎడ్ రాబర్ట్స్ అని, అమెరికాలో కాలిఫోర్నియావాడు. 1953లో, పద్నాలుగేళ్ళ వయసులో పోలియో వచ్చింది. మెడ కింద నుంచి దాదాపు కదలిక లేదు, ఊపిరి ఆడించే ఇనుప యంత్రంలో గంటలు గడపాలి. హైస్కూలు చదువు పూర్తిచేశాడు. కానీ వ్యాయామం, డ్రైవింగు పాఠాలు పూర్తి చేయలేదని సర్టిఫికెట్ ఇవ్వనన్నారు! వాళ్ళమ్మ జోనా పోరాడి ఇప్పించింది. పునరావాస శాఖ వాళ్ళు, ఇతను ఏ పనికీ రాడు, ఇతని చదువుకి డబ్బు ఖర్చు పెట్టడం దండగ అన్నారు. 1962లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ యంత్రం హాస్టల్లో పట్టదని క్యాంపస్ ఆసుపత్రిలోనే ఉంచారు. తర్వాత అతనిలాంటి విద్యార్థులు ఇంకొందరు అక్కడికే వచ్చారు. వ్హీల్‌చైర్లు బాగుచేసుకోవడం, సహాయకుల్ని వెతుక్కోవడం, గది దొరకబుచ్చుకోవడం, అన్నీ ఒకరికొకరు నేర్పుకున్నారు. 1972లో ఆ ఊళ్ళో స్వతంత్ర జీవన కేంద్రం మొదలైంది. దాన్ని నడిపింది వైకల్యం ఉన్నవాళ్ళే. 1975లో, ఏ శాఖ ఇతను పనికిరాడు అందో, ఆ శాఖకే అతన్ని డైరెక్టరుగా వేశారు.

ఇది ఒక్క వీరుడి కథ అని అనుకోకండి. తల్లి, తోటి విద్యార్థులు, ఒకే కష్టం పడ్డవాళ్ళు పక్కనే ఉండటం, వాటిని తీసేస్తే ఈ కథ లేదు. మన బల్ల దగ్గర వైకల్యంతో పెద్దయిన మనిషి ఒకరు తప్పకుండా ఉండాలని అందుకే అంటాను. చూపు లేని అమ్మాయికి ఆఫీసులో మొదటి రోజు ఎలా ఉంటుందో నేను చెప్పలేను. చూపు లేకుండా ఇరవై ఏళ్ళు ఆఫీసుకి వెళ్ళినావిడ చెప్పగలదు. చెవిటి కుర్రాడికి కావాల్సింది నా జాలి కాదు, సైగల భాష తెలిసిన దుబాసీ.

తల్లులారా, తండ్రులారా, మీతో ఒక కష్టమైన మాట. పద్దెనిమిదేళ్ళు నిండిన బిడ్డ తరఫున సంతకాలన్నీ నేనే పెడతాను అంటారు మీరు. మీ భయం నాకు తెలుసు. మా తర్వాత ఎవరు అనే ప్రశ్నతో మీకు రాత్రిళ్ళు నిద్ర పట్టదు. కానీ 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం, దాని 12వ అధికరణంలో, చట్టం ముందు వాళ్ళ నిర్ణయానికి అందరితో సమానమైన విలువ ఉంటుందని, నిర్ణయం తీసుకోవడానికి కావాల్సిన సాయం అందాలని చెబుతోంది. వాళ్ళకి బదులు నిర్ణయించడం వేరు, పక్కన కూర్చుని అర్థమయ్యేలా చెప్పడం వేరు. చిన్నవాటితో మొదలుపెట్టండి. ఇవాళ ఏ చొక్కా, ఏ బస్సు, ఈ డబ్బులు దాచుకుందామా ఖర్చు పెట్టుకుందామా? తప్పు చేయనివ్వండి. మీరు తోడున్నప్పుడు చేసిన తప్పుని మీరే దిద్దగలరు.

పని ఇచ్చేవాళ్ళు కూడా ఈ సభలో ఉన్నారు. అయ్యా, మిమ్మల్ని దయ చూపించమని అడగడానికి రాలేదు. ప్రశ్నలు తగ్గించి పని చూపించండి. పార్సిళ్ళు ముందు పెట్టి, చేసి చూపించమంటే మా అబ్బాయి ఆ రోజే గెలిచేవాడు. 1996లో అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో ఇలాంటి ఆలోచనే మొదలైంది. ఎమర్జెన్సీ విభాగంలో సామగ్రి ఎప్పటికప్పుడు నింపేవాళ్ళు దొరకక ఇబ్బంది పడుతున్న ఎరిన్ రీల్ అనే నర్సింగ్ అధికారి, మేధో వైకల్యం ఉన్న యువత ఆ పని ఎందుకు చేయకూడదు అని అడిగింది. ప్రాజెక్ట్ సెర్చ్ అనే పేరుతో అది చాలా దేశాలకి వెళ్ళింది. బడి చివరి ఏడాదంతా పనిచేసే చోటే గడుస్తుంది. టీచరు అక్కడికే వస్తాడు. పిల్లలు విభాగాలు మారుతూ పని నేర్చుకుంటారు. అంటే అక్కడ వంతెన అవతలి గట్టు నుంచి కూడా కడుతున్నారు.

మా అబ్బాయి ఆరేళ్ళు ఇంట్లో ఉన్నాడు. ఒంటరిగా బస్సెక్కడం మా దగ్గర నేర్చుకున్నాడు, అది పోయింది. గొంతు తగ్గిపోయింది. ఆరేళ్ళ తర్వాత ఒక లైబ్రరీలో పని దొరికింది. తిరిగొచ్చిన పుస్తకాలని నంబరు ప్రకారం అలమారాల్లో సర్దే పని. ఇప్పించింది నేను కాదు, ఏ ఆఫీసూ కాదు. క్లాసులో అతని పక్క బెంచీలో కూర్చున్న అమ్మాయి. ఆమెకి ఏ వైకల్యమూ లేదు. ఆ లైబ్రరీలో ఉద్యోగానికి చేరింది, ఖాళీ ఉందని తెలిసి ఇతను గుర్తొచ్చాడు. వాళ్ళ అధికారితో ఒక్కటే చెప్పిందట: "అడిగాక పది లెక్కపెట్టండి సార్, గుండీ మీద వేలు ఆగేదాకా."

పిల్లలందరినీ ఒకే తరగతిలో ఎందుకు కూర్చోబెట్టాలి అని ఎవరైనా అడిగితే, నేను ఈ అమ్మాయి సంగతే చెబుతాను. అయితే ప్రతి పిల్లవాడికీ పక్క బెంచీ అమ్మాయి ఎదురుపడదు. ఆమె తనంతట తాను చేసిన పనిని మనం కూర్చుని, తేదీ వేసుకుని, పేర్లు రాసుకుని చేయాలి. బయట బల్ల మీద కాగితాలు పెట్టించాను. మీ పేరు, మీరు చేయగలిగిన ఒక్క పని రాసి వెళ్ళండి. ఉపన్యాసం బాగుంది అని మాత్రం రాయొద్దు.

ఆ అబ్బాయికి ఇప్పుడు ముప్ఫై దాటాయి. మూడో వరుసలో, ఆ చివరి కుర్చీలో ఉన్నాడు. అతన్ని అడిగాకే ఇదంతా చెప్పాను. "గుండీ సంగతి కూడా చెప్పండి టీచర్" అన్నాడు. బడి ఫైలు ఏమైపోయిందో గానీ, అతని గురించి నేను రోజూ రాసుకున్న నోటుపుస్తకాలు మా ఇంట్లోనే ఉండిపోయాయి. ఏడు ఉన్నాయి, ఇదిగో. ఇవి అతనివి, అతనికే ఇస్తున్నాను. తర్వాత మాట్లాడేది కూడా అతనే. మైకు తీసుకున్నాక కాసేపు ఏమీ వినబడదు. సౌండ్ చూస్తున్న బాబూ, వైరు కదపకు, మైకు పనిచేస్తూనే ఉంటుంది.