వంతు ఎన్నిసార్లు వచ్చింది?

(ప్రకాశం జిల్లా ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం)

సార్లకు, మేడమ్‌లకు, అందరికీ నమస్కారం.

తరగతిలో ఆటలు అనగానే మనకు ముందు గుర్తొచ్చేవి రంగు చార్టులు, థర్మోకోల్, మెరుపు కాగితాలు. బోధన సామగ్రి మేళా ముందు రోజు రాత్రంతా కూర్చుని చేస్తాం. బాగుందంటారు, ఫొటో తీస్తారు, మర్నాటికి అది బీరువా మీదకెక్కుతుంది. చిరిగిపోతుందని పిల్లల చేతికివ్వం. పిల్లల చేతికివ్వలేని వస్తువు ఎంత అందంగా ఉన్నా అది గోడకు అలంకారమే, ఆటవస్తువు కాదు. ఈరోజు నేను చెప్పేవన్నీ చిరిగినా పోయినా బాధపడనక్కర లేనివి.

ముందు ఒక చిన్న లెక్క. తరగతిలో 30 మంది, పీరియడు 40 నిమిషాలు. ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయించామనుకోండి. ఒక్కొక్కరికి వచ్చేది ఒక నిమిషం ఇరవై సెకన్లు. మిగతా 38 నిమిషాల 40 సెకన్లు ఆ బిడ్డ పని ఎదురుచూడటమే. పక్కపిల్ల జడ లాగేది, పెన్సిల్‌తో గుచ్చేది, నీళ్లకు పోతానని వేలు చూపించేది ఆ సమయంలోనే. అల్లరి పిల్లల్లో లేదు, మన వరుసలో ఉంది. అందుకే ఏ ఆటనైనా నేను ఒక్క ప్రశ్నతో తూకం వేస్తాను: పది నిమిషాల్లో ఒక్కో బిడ్డకు వంతు ఎన్నిసార్లు వచ్చింది?

ఈ తూకంలో అన్నిటికంటే బరువు తూగేది మన పలక. మార్కాపురం పలకలు ఊరూరా బడులకు వెళ్లాయి, మన బడుల్లో మాత్రం ఒకటో తరగతి దాటితే పలక నామోషీ అయిపోయింది. అయిదో తరగతి దాకా ఉంచండి. పద్ధతి ఇది. ప్రశ్న ఒక్కసారే చెప్పాలి. ఇరవై సెకన్లు ఆగాలి. రాసినవాళ్లు పలకను గుండెకు ఆనించుకుంటారు. "ఒకటి, రెండు, మూడు, ఎత్తు" అనగానే అందరూ ఒకేసారి ఎత్తాలి. నిమిషానికి ఒక ప్రశ్న చొప్పున పది నిమిషాల్లో 30 మంది నుంచి 300 జవాబులు మీ కళ్ల ముందుకొస్తాయి. ఎవరికి రాలేదో తెలుసుకోవడానికి పరీక్ష దాకా ఆగనక్కర లేదు.

ఇది చెడేది రెండు చోట్ల. ఒకటి, చురుకైనవాడు ముందే ఎత్తేస్తాడు, మిగతావాళ్లు చూసి రాస్తారు. ముందే ఎత్తిన పలక లెక్కలోకి రాదని మొదటి రోజే చెప్పండి, రెండో రోజుకు మానేస్తారు. రెండు, అక్షరం చీమంత రాస్తారు, వెనక నుంచి కనపడదు. పలక మధ్యలో పెద్ద అక్షరం రాయాలని ఒకసారి రాసి చూపించండి. తుడవడానికి ఇద్దరికొక తడిగుడ్డ పెట్టండి, లేకపోతే ఉమ్మితో తుడుస్తారు. తప్పు రాసిన బిడ్డ పేరు పిలవద్దు. "నాకు రెండు రకాల జవాబులు కనపడుతున్నాయి, పక్కవాళ్లతో మాట్లాడుకుని మళ్లీ ఎత్తండి" అంటే చాలు, సగం తప్పులు వాళ్లే దిద్దుకుంటారు.

ఇక లెక్కల దగ్గరికి. 2021లో కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ కార్యక్రమం, మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవటం, మామూలు లెక్కలు రావాలంటోంది. దానికి కావలసిన సామాను మన మధ్యాహ్న భోజనం వంటగదిలోనే ఉంది, గుడ్ల అట్ట. ఒక అట్టకు 30 గుంటలు, అయిదేసి గుంటలవి ఆరు వరుసలు. రెండు వరుసలకొక కోత కోస్తే పది గుంటల ముక్కలు మూడు వస్తాయి. ఇద్దరు పిల్లలకు రెండు ముక్కలు కావాలి కాబట్టి 30 మందికి పది అట్టలు సరిపోతాయి. పగిలిన గుడ్డు మరక ఉన్నవి పక్కన పారేయండి, చీమలు పడతాయి, వాసన కూడా. మిగతావి ఒక రోజంతా ఎండలో పెట్టండి. కోసే పని మాత్రం మీరే చేయాలి, కత్తెర జారుతుంది.

ఇందులో చింతగింజలు నింపే వరుస ముఖ్యం. పై వరుస ఎడమ నుంచి అయిదూ నిండాకే కింది వరుసకు రావాలి. ఏడు పెట్టమంటే పైన అయిదు, కింద రెండు కనపడాలి. ఇష్టం వచ్చిన గుంటలో వేయనిస్తే బిడ్డ ప్రతిసారీ ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తాడు, అట్ట వల్ల లాభం లేదు. వరుస అలవాటయ్యాక గుడ్డ కప్పి, మూడు సెకన్లు తీసి, మళ్లీ కప్పి "ఎన్ని?" అనండి. "ఎనిమిది, రెండు గుంటలు ఖాళీగా ఉన్నాయి కదా" అన్న బిడ్డ వేళ్లు వదిలేసినట్టే. తర్వాత 8+5. ఒక ముక్కలో ఎనిమిది, రెండోదాంట్లో అయిదు. అయిదులోంచి రెండు ఇటు జరిపితే ఇక్కడ పది నిండింది, అక్కడ మూడు మిగిలాయి. పదీ మూడూ, పదమూడు. మన భాష ఇక్కడ మనకు సాయం చేస్తుంది, పదమూడు అన్న మాటలోనే పది వినపడుతోంది. పదకొండులో మాత్రం ఒకటి, పన్నెండులో పది కాస్త దాక్కుంటాయి. అందుకే ఈ ఆట పదమూడు, పద్నాలుగు వచ్చే కూడికలతో మొదలుపెట్టి, పదకొండు, పన్నెండు తర్వాత తీసుకోండి.

ఈ చింతగింజలతోనే ఇంకో ఆట ఉంది. నన్ను అడిగితే, ఒక్క ఆటే నేర్చుకుని వెళ్లండంటే ఇదే. గింజకు ఒక వైపు పొట్టు పోయి తెల్లగా కనపడేదాకా రాయి మీద అరగదీయండి. అష్టాచెమ్మా ఆడేవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది! చీమకుర్తి వైపువాళ్లు పాలిష్ పట్టిన గ్రానైట్ ముక్క తెచ్చుకుంటే గింజ జారుతుంది గానీ అరగదు, ముక్క తిరగేసి గరుకు వైపు రుద్దండి. వేయించిన గింజలు వద్దు, పొట్టు రెండు వైపులా ఊడొస్తుంది. జంటకు పది గింజల చొప్పున 28 మందికి 140 గింజలు. అయిదో తరగతి పిల్లలకు తలా కొన్ని పంచితే ఒక శనివారంతో పని అయిపోతుంది. పది గింజలనూ ఒక అగ్గిపెట్టెలో వేసి, పెట్టె మీద నంబరు రాయండి.

ఆట ఇలా. ఒకరు పది గింజలూ విసురుతారు. ఆరు తెలుపు, నాలుగు నలుపు పడితే పలక మీద 6+4 అని రాస్తారు. తర్వాత రెండోవారు. ఒక విసురు, ఒక రాత కలిపి అర నిమిషం. పది నిమిషాల్లో తలా పది విసుర్లు, తరగతి మొత్తానికి 280. గెలుపోటములు లేవు. పది అనే సంఖ్య ఎన్ని రకాలుగా విడిపోతుందో చేతికి అలవాటు కావటమే పని. రెండో రోజు కొంచెం మార్చండి. నల్లగా పడ్డవాటిని కొబ్బరి చిప్ప కింద దాచి, "తెల్లవి ఏడు కనపడుతున్నాయి, చిప్ప కింద ఎన్ని?" అని జంటలో రెండో బిడ్డను అడగాలి. తీసివేత అంటే బెదిరే బిడ్డ కూడా దీనికి జవాబు చెబుతుంది, చెప్పి చిప్ప ఎత్తి తనే సరిచూసుకుంటుంది. మీరు దిద్దనవసరం లేదు.

నాలుగు, అయిదు తరగతుల వాళ్లకు ఇదే ఆటలో ఇంకో మెట్టుంది. నేల మీద సుద్దతో 0 నుంచి 10 దాకా గళ్లు గీసి, ఎన్ని తెలుపు పడితే ఆ గడి పైన ఒక గీత పెట్టమనండి. కాసేపటికి మధ్యలో గుట్ట లేస్తుంది. నాలుగు, అయిదు, ఆరు ఎక్కువ, చివరలు ఖాళీ. బొమ్మా బొరుసులా చెరిసగం పడే గింజలైతే పదీ తెల్లవే పడటం సగటున 1024 విసుర్లకు ఒకసారి, కాబట్టి ఆ రోజు ఆ గడి ఖాళీగా ఉంటే ఆశ్చర్యపోనక్కర లేదు. మన గింజలు ఎటూ సమానం కావు, అరిగిన వైపు చదునుగా ఉంటుంది. గుట్ట ఒక పక్కకు ఒరిగితే ఎందుకు ఒరిగిందో పిల్లలనే అడగండి. గింజలు మార్చి మళ్లీ వేసి చూద్దామని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట కోసమే ఈ గళ్లు.

ఒక జాగ్రత్త. ఒకటో తరగతికి, అంగన్‌వాడీ పిల్లలకు గింజలు ఇవ్వద్దు. ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. వాళ్లకు సోడా మూతలు, లేదా పెద్ద గవ్వలు.

మూడో తరగతిలో అందరికీ తగిలే తప్పు ఒకటుంది. మూడు వందల అయిదు రాయమంటే 3005 రాస్తారు. విన్నది విన్నట్టే రాశారు పాపం: మూడువందలు 300, పక్కన 5. దీనికి కోపం మందు కాదు, పాత పెళ్లికార్డులు మందు. 5 సెంటీమీటర్ల ఎత్తు పెట్టుకుని, వందల పట్టీలు 15 సెంటీమీటర్ల పొడవు, పదులవి 10, ఒకట్లవి 5 చొప్పున కోయండి. 100 నుంచి 900 దాకా తొమ్మిది, 10 నుంచి 90 దాకా తొమ్మిది, 1 నుంచి 9 దాకా తొమ్మిది, మొత్తం 27. నలుగురికి ఒక కట్ట. 300 పట్టీ మీద కుడి చివర 5 పట్టీ పెడితే చివరి సున్నా కప్పుకుపోయి 305 అవుతుంది. 5 ఎత్తి చూస్తే సున్నా కిందే ఉంది! పిల్లలు ఎడమ అంచుకు కలిపి పెడితే 500 అయిపోయి గందరగోళం వస్తుంది, అందుకని అన్ని పట్టీలకూ కుడి అంచున ఎర్ర గీత కొట్టండి, గీత మీద గీత పడాలి.

తెలుగుకు ఏ సామానూ అక్కర లేని ఆట ఒకటి. దీర్ఘం వినపడితే చేయి బారుగా చాపాలి, ఒత్తు వినపడితే కాలితో నేల తన్నాలి, సున్న వినపడితే తల మీద చేయి పెట్టాలి. టీచరు మాటలు జంటగా చెబుతారు. జడ, జాడ. పడు, పాడు. గద, గద్ద. గడి, గడ్డి. బడి, బండి. పది, పంది. పంది దగ్గర తరగతి నవ్వుతుంది, నవ్వనివ్వండి. ఇక్కడ వచ్చే చిక్కు ఏమిటంటే అందరూ ముందు బెంచీలో బాగా తెలిసినవాడిని చూసి చేస్తారు. చెవి పని చేయాలి గానీ కన్ను కాదు. అందుకని కళ్లు మూయించండి, లేదా అందరినీ గోడ వైపు తిప్పండి. అయిదు నిమిషాలయ్యాక అవే మాటలు పలక మీద రాయించండి. వెంటనే రాయించకపోతే అది వ్యాయామం అవుతుంది, తెలుగు పాఠం కాదు. బొమ్మ చూసి మాట్లాడమన్నప్పుడు బిడ్డ "ఎట్టా", "యాడ" అంటే అప్పుడే ఆపి దిద్దకండి. మాట ఆగిపోతుంది. రాతలో చూసుకుందాం.

పరిసరాల విజ్ఞానానికి ఆకుల ఆట చాలు. నలుగురికి పన్నెండు ఆకులు: వేప, చింత, మునగ, జామ, రావి, ఏవి దొరికితే అవి. రెండు కుప్పలుగా విడదీయాలి, కానీ ఏ లెక్కన విడదీశారో బయటికి చెప్పకూడదు. పక్క జట్టు వచ్చి ఆ గుట్టు కనిపెట్టాలి. జిల్లేడు, గన్నేరు మాత్రం ముట్టనివ్వద్దు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, గన్నేరు ఆకు నుంచి కాయ దాకా విషమే.

ఆకారాలకు అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు. 1972లో మధ్యప్రదేశ్‌లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో పనిచేసిన అరవింద్ గుప్తా, ట్యూబు ముక్కలతో పుల్లలను కలిపి చేసే ఈ బొమ్మలను దేశమంతా పరిచయం చేశారు. ఇప్పుడు ఆ సన్న ట్యూబు అన్ని షాపుల్లో దొరకదు. దొరక్కపోతే రాత్రి నానబెట్టిన శనగలు, చీపురు పుల్లల ముక్కలు చాలు. నాలుగు పుల్లలు, నాలుగు శనగలతో చదరం కట్టించి మూల నొక్కమనండి, ఒరిగిపోతుంది. త్రిభుజం ఒరగదు. చదరానికి మూల నుంచి మూలకు ఒక పుల్ల కడితే అదీ నిలబడుతుంది. కరెంటు టవరుకు అడ్డకమ్మీలు ఎందుకో అప్పుడు అడగండి. శనగ మరీ నానితే పుల్ల గుచ్చగానే చీలుతుంది, ముందు రోజు రాత్రి వేసి పొద్దున్నే నీళ్లు వంచేయాలి.

ఒక ఆటల రకం నాకు అసలు నచ్చదు, మొహమాటం లేకుండా చెబుతాను. తప్పు చెప్పినవాడు అవుటయ్యే ఆటలు. ఎవరికి అభ్యాసం ఎక్కువ కావాలో ఆ బిడ్డే మొదటి నిమిషంలో పక్కకు పోయి కూర్చుంటాడు. బాగా వచ్చినవాడు చివరి దాకా ఆడతాడు. తిరగేయండి. తప్పు చెబితే ఇంకో వంతు అదనం అనండి. వేగానికి మార్కులు వేయద్దు, వేయాలనుకుంటే జంటకు వేయండి.

ఒక్క టీచరే అయిదు తరగతులూ చూసుకునే బడుల వాళ్లు ఇవన్నీ ఎలా కుదురుతాయని అడుగుతారు. గింజల ఆట మూడు రోజులు నేర్పితే పెద్ద తరగతుల వాళ్లు మీరు లేకుండానే ఆడుకుంటారు, ఆ సమయంలో మీరు ఒకటి, రెండు తరగతుల దగ్గర పలకతో కూర్చోవచ్చు. పెద్దపిల్లలను రోజూ చిన్నవాళ్లకు అయ్యోరుగా కూర్చోబెట్టకండి, వాళ్ల చదువు వాళ్లకుంది.

ఆట మొదలుపెట్టడం కంటే ఆపటం కష్టం. అరవకండి, మీ గొంతు మీద వాళ్ల గొంతు లేస్తుంది. మీరు మూడు చప్పట్లు కొడితే వాళ్లు రెండు కొట్టి చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. ఆట నేర్పకముందే, వట్టి చేతులతో, ఇదొక్కటే నాలుగుసార్లు ఆడించండి. చివరి అయిదు నిమిషాలు సర్దుడికి ఉంచుకోండి. పెట్టెలో పది గింజలు లెక్కపెట్టి వేసి, మూత వేసి, జంటలో ఒకరు తెచ్చివ్వాలి. తొమ్మిదే ఉంటే బల్లల కింద వెతుకుతారు. వానాకాలంలో గింజలకు పురుగు పడుతుంది, నెలకోసారి ఎండలో పోయండి.

మీ బల్లల మీద ఇద్దరికొక అగ్గిపెట్టె, ఒక పలక పెట్టించాం. తలా పది విసుర్లు వేయండి. నేను మూడు చప్పట్లు కొట్టగానే ఎన్ని తెలుపు ఎక్కువసార్లు పడ్డాయో పలక మీద పెద్దగా రాసి ఎత్తండి. ముందే ఎత్తిన పలక లెక్కలోకి రాదు.