ఇంటర్వ్యూ ప్రాబ్లమ్స్ సాధనకు చిన్న మీటప్: షీట్ నుంచి మొదటి రౌండ్ దాకా

నమస్కారం. ప్రోగ్రామర్లు ఒకచోట కూర్చుని, ఉద్యోగ ఇంటర్వ్యూలలో అడిగే కోడింగ్ ప్రాబ్లమ్స్ సాధన చేసే చిన్న మీటప్‌ను ఎలా నడపాలో ఈ వీడియోలో చూద్దాం. చిన్నది అంటే నిజంగా చిన్నదే: ఆరుగురు, మహా అయితే తొమ్మిది మంది. స్క్రీన్ మీద ఒక ఖాళీ గూగుల్ షీట్ కనిపిస్తోంది కదా, ముందు దీనిని నింపుదాం.

మొదటి కాలమ్‌లో పేర్లు, రెండవ కాలమ్‌లో వారు కోడ్ రాసే భాష, మూడవ కాలమ్‌లో వారి అసలు ఇంటర్వ్యూ తేదీ రాయండి. అనుభవం ఎన్నేళ్లు అన్న కాలమ్ నేను పెట్టను, ఎందుకంటే అది చూడగానే కొత్తవారు వెనక్కి తగ్గుతారు. స్థలం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తలుపు వేసుకోగలిగే గది, ఒక వైట్‌బోర్డ్, రెండు గంటల సమయం ఉంటే చాలు.

ఇప్పుడు గుంపులు చేద్దాం. నాలుగవ కాలమ్‌లో ఏదో ఒక యాదృచ్ఛిక అంకెను ఇచ్చే ర్యాండ్ ఫంక్షన్ పెట్టి, కిందికి లాగి, ఆ కాలమ్ ప్రకారం సార్ట్ చేస్తే పేర్లు కలగలిసిపోతాయి. అయితే ఈ ఫంక్షన్ షీట్‌లో ఏ గడి మారినా మళ్లీ కొత్త అంకెలు ఇస్తుంది. ఈ అంకెల ఆధారంగా గుంపు సంఖ్యను ఫార్ములాతో లెక్కిస్తే, ఎవరి పేరులోనైనా ఒక అక్షరం సరిచేసినా గుంపులన్నీ తారుమారవుతాయి. అందుకని కాలమ్ మొత్తాన్ని కాపీ చేసి, అదే చోట కంట్రోల్, షిఫ్ట్, వీ నొక్కండి. ఇదిగో, ఫార్ములా పోయి అంకెలు మాత్రమే మిగిలాయి. నాకు ఈ షార్ట్‌కట్ మీద కాస్త అభిమానం ఎక్కువ, మెనూలోకి వెళ్లి వెతుక్కోవలసిన పని ఉండదు.

పై నుంచి ముగ్గురు చొప్పున ఒక్కొక్క గుంపు. ఒకరు అభ్యర్థి, ఒకరు ఇంటర్వ్యూ చేసేవారు, ఒకరు పరిశీలకులు. ఒక్కో రౌండ్ 40 నిమిషాలు: 30 నిమిషాలు ప్రాబ్లమ్‌కు, 10 నిమిషాలు మాట్లాడుకోవడానికి. మూడు రౌండ్లు పూర్తయ్యేసరికి రెండు గంటలు అవుతాయి, ప్రతి ఒక్కరూ మూడు పాత్రలూ ఒకసారి చేసినట్టవుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే నేను బోల్తా పడ్డది సరిగ్గా ఇక్కడే. ఇంటర్వ్యూ చేసేవారికి ప్రాబ్లమ్‌ను కనీసం ఒక రోజు ముందు ఇవ్వాలి, వారు దానిని చూసి రావడం కాదు, స్వయంగా రాసి రావాలి. నేను మొదట్లో అలా చేయలేదు. అందరికీ తెలిసిన ప్రాబ్లమే కదా అనుకుని, ఒక స్ట్రింగ్‌లో, అంటే అక్షరాల వరుసలో, ఏ అక్షరమూ రెండుసార్లు రాని అతి పొడవైన భాగాన్ని కనుక్కోమని అక్కడికక్కడే అడిగాను. అభ్యర్థి ప్రతి అక్షరం చివరిసారి ఎక్కడ కనిపించిందో మ్యాప్‌లో, అంటే ఒక్కో అక్షరం పక్కన దాని స్థానం రాసుకునే పట్టికలో, దాచుకుంటూ, అక్షరం మళ్లీ వచ్చినప్పుడల్లా భాగం ఎడమ అంచును ఆ పాత చోటు తరువాతి స్థానానికి జరిపే కోడ్ రాశారు. చక్కగా ఉంది, ఒకే లూప్ ఉంది, నేను సరిగ్గా ఉందని తల ఊపేశాను.

పరిశీలకురాలిగా కూర్చున్న ఆవిడ ఏమీ అనకుండా బోర్డు మీద ఈ నాలుగు అక్షరాలు రాశారు. స్క్రీన్ మీద చూడండి: ఏ, బీ, బీ, ఏ. స్థానాలు సున్నా నుంచి మూడు వరకు. రెండవ స్థానంలో బీ మళ్లీ వచ్చింది కాబట్టి ఎడమ అంచు రెండుకు వెళుతుంది, అక్కడిదాకా బాగానే ఉంది. మూడవ స్థానంలో ఏ వచ్చింది, అది చివరిసారి సున్నాలో కనిపించింది కాబట్టి ఎడమ అంచు ఒకటికి, అంటే వెనక్కి వెళ్లిపోతుంది. జవాబు 2 రావలసిన చోట 3 వస్తుంది. ఎడమ అంచు ఇప్పుడున్న స్థానం, కొత్త స్థానం, ఈ రెండింటిలో పెద్దదానిని తీసుకుంటే సరిపోయేది. తప్పు కోడ్ రాసినది అభ్యర్థే అయినా, దానికి సరే అన్నది నేను. అదే ధీమాతో వారు అసలు ఇంటర్వ్యూకు వెళ్లి ఉంటే?

అందుకే ఇప్పుడు ప్రతి ప్రాబ్లమ్‌కు ఇలాంటి పేజీ ఒకటి తయారు చేయిస్తాను. పైన వారు సొంతంగా రాసిన కోడ్, దాని కింద కోడ్‌ను పడగొట్టగల రెండు మూడు ఇన్‌పుట్‌లు, ఆ కింద మూడు హింట్లు. హింట్లు ప్రశ్నలుగానే ఉండాలి. అక్షరం మళ్లీ వచ్చినప్పుడు మొదటి నుంచి వెతకాలా? ఒక్కో అక్షరం గురించి ఏమి గుర్తుంచుకుంటే చాలు? ఎడమ అంచు వెనక్కి వెళ్లే అవకాశం ఉందా? అభ్యర్థి మూడు నాలుగు నిమిషాలు మౌనంగా ఉండిపోతే మొదటిది అడగండి, అంతకు ముందు వద్దు. ఏ హింట్ దగ్గర దారి దొరికిందో పరిశీలకులు రాసుకుంటారు. చివరి 10 నిమిషాలలో మాట్లాడుకోవడానికి అంతకన్నా పనికొచ్చే కాగితం ఉండదు.

వైట్‌బోర్డ్ లేకపోతే గూగుల్ డాక్స్‌లో రాయించండి, కోడ్‌ను తానే పూర్తి చేసే ఆటోకంప్లీట్ లేని చోట చేయి అలవాటు పడుతుంది. ముందుగా టూల్స్‌లో ప్రిఫరెన్సెస్ తెరిచి, పదాల మొదటి అక్షరాన్ని పెద్దది చేసేదానిని, మామూలు కోట్స్‌ను వంపు కోట్స్‌గా మార్చే స్మార్ట్ కోట్స్‌ను ఆపివేయండి, లేదంటే డాక్స్ వేరియబుల్ పేర్లను, కోట్స్‌ను దిద్దుతూ కూర్చుంటుంది.

ఆఖరి పని. షీట్‌లో వచ్చే వారం ట్యాబ్ తెరిచి, ఇంటర్వ్యూ చేసేవారి పేర్లు ఇప్పుడే, అందరూ గదిలో ఉండగానే నింపండి. ప్రాబ్లమ్‌ను మాత్రం ఈ షీట్‌లో రాయకండి, ఇది అందరికీ కనిపిస్తుంది. ఎవరి ప్రాబ్లమ్ వారికి విడిగా మెసేజ్ చేయండి. ఇదిగో, నేను మొదటిది పంపించేశాను.