చివరి బకెట్

శ్రోతలకు నమస్కారం.

నల్లగొండలో మా వీధిలో ఒక అబ్బాయి ఉన్నాడు. కారు కిరాయికి తిప్పుతాడు. పొద్దున హైదరాబాద్ పోతే రాత్రికి ఇల్లు చేరతాడు. లోను మీద కొనుక్కున్న నల్ల కారు. ఆ కారంటే అతనికి ప్రాణం. తెల్లారకముందే లేచి, బోరు పైపు పెట్టి కడిగి, తుడిచి, ముందు నిమ్మకాయ కట్టి బయల్దేరతాడు. అయినా ఎండ పొద్దెక్కేసరికి కారు నిండా తెల్లని మచ్చలు. చుక్క చుక్కగా, ముగ్గుపిండి చిలకరించినట్టు.

ఒకరోజు మా గేటు దగ్గరికి వచ్చాడు. "టీచరమ్మా, మీరు కెమిస్ట్రీ చెప్పిన్రు గదా. ఎంత తుడ్చినా ఈ మచ్చలు పోతలేవు. షాంపూ మార్చిన, బట్ట మార్చిన. పెయింట్ ఖరాబైందేమోనని టెన్షన్ అయితుంది" అన్నాడు.

పెయింట్ ఖరాబు కాలేదు. షాంపూ తప్పు కూడా లేదు. "రేపు పొద్దున కారు కడగకుండా ఉంచు బిడ్డా, నేనే వస్తా" అని చెప్పాను.

మర్నాడు రెండు చెంచాలు, రెండు గిన్నెలు పట్టుకుని వెళ్లాను. ఒక గిన్నెలో వాళ్ల బోరు నీళ్లు. ఇంకో గిన్నెలో రాత్రంతా మా ఏసీ పైపు కింద పట్టిన నీళ్లు. బానెట్ మీద దుమ్ము కడిగించి, ఆరనిచ్చి, ఎడమ పక్క ఒక చెంచా బోరు నీళ్లు, కుడి పక్క ఒక చెంచా ఏసీ నీళ్లు పోశాను. ఎండలో వదిలేసి ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. వాళ్లమ్మ చాయ్ తెచ్చి, మేము చూస్తున్నది ఏమిటో అర్థం కాక తనూ నిలబడి చూసింది.

చాయ్ అయిపోయి ఇంకాసేపయ్యేసరికి రెండూ ఆరిపోయాయి. ఎడమ పక్క అంచులు దిద్దినట్టు తెల్లని వలయం. కుడి పక్క నీళ్లు ఎక్కడ పోశామో వెతుక్కోవాల్సి వచ్చింది. కొంచెం దుమ్ము గీత కనబడింది, వేలితో తుడిస్తే పోయింది. ఎడమ పక్కది వేలితో పోలేదు. ఆ అబ్బాయి రెండు వైపులా మార్చి మార్చి చూసి, "అంటే రోజూ నేనే మచ్చలు పెడుతున్ననా టీచరమ్మా?" అన్నాడు. ఆ మాట అంటుంటే అతని ముఖం చూసి నాకు చాలా బాధేసింది. రోజూ అంత ప్రేమగా కడుక్కునేవాడు మరి.

సంగతి ఇది. మన నేల కింద అంతా రాయి. ఆ రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీరే బోరులో వస్తుంది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు అందులో కరిగి ఉంటాయి. నీరు ఆవిరైపోతుంది, లవణం అక్కడే మిగిలిపోతుంది. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లని పొర అదే. ఎండాకాలం కూలర్ గడ్డి మీద గట్టిగా పట్టేది కూడా అదే. కారు మీద పడ్డ మచ్చా అదే.

మరి ఏసీ నీళ్లలో అది ఎందుకు ఉండదు? ఎందుకంటే ఆ నీళ్లు నేలలోంచి వచ్చినవి కావు, గాలిలోంచి వచ్చినవి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బయట చెమర్చుతుంది చూడండి, అలాంటివి. కుండ చెమర్చడం వేరు. కుండ లోపలి నీరే మట్టిలోంచి బయటికి ఊరుతుంది. ఫ్రిజ్ సీసా మీద చెమట గాలిలోని తేమ. ఏసీ లోపల చల్లటి గొట్టాలు ఉంటాయి. గదిలో గాలి వాటిని తాకినప్పుడు అందులో తేమ చుక్కలుగా మారి, కింది తొట్టిలో పడి, పైపులోంచి బయటికి పోతుంది. తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో, చలి దేశాల్లో, డీహ్యుమిడిఫైయర్ అని విడిగా ఒక యంత్రమే ఇళ్లలో పెట్టుకుంటారు. దాని డబ్బాలో చేరిన నీటితో కార్లు తుడుచుకునేవాళ్లున్నారు. ఆ యంత్రం మన ఇళ్లలో అరుదు. కానీ ఏసీలో జరిగేదీ ఆ పనే. ఆ నీటిని మనం తెచ్చి మోరీలో వదులుతున్నాం.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆ నీళ్లు ఎన్ని వస్తాయి? మా పడకగది ఏసీకి వానాకాలంలో ఒక రాత్రికి బకెట్ దాకా నిండుతుంది. మే నెలలో మన దగ్గర ఎండ మండిపోతుంది గానీ గాలి పొడిగా ఉంటుంది, అందుకని సగం బకెట్ రావడం కూడా కష్టం. ఒక బకెట్‌తో కారంతా కడగలేం. మర్రిగూడ, చండూరు వైపు మట్టి రోడ్ల మీద తిరిగొచ్చిన కారైతే అసలే కడగలేం. నీళ్లు తక్కువని ఎర్రమట్టిని తడి గుడ్డతో రుద్దామా, పెయింట్ మీద గీతలు పడతాయి.

అందుకే నేను ఆ అబ్బాయికి చెప్పింది ఒక్కటే మాట. చివరి బకెట్. మట్టి వదిలించడానికి బోరు నీళ్లే వాడు. షాంపూ కూడా బోరు నీళ్లతోనే. చివరి బకెట్ మాత్రం ఏసీ నీళ్లు. మచ్చ పెట్టేది మొదట పోసిన నీరు కాదు, కారు మీద ఆరే నీరు. ఆరే నీటిలో లవణం లేకపోతే మచ్చ ఉండదు. బోరు నీళ్లు ఆరకముందే, పైనుంచి కిందికి, చెంబుతో మెల్లగా పోయాలి. పైకప్పు, అద్దాలు, బానెట్, తర్వాత తలుపులు. పోసి మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి. నీడలో, బండి చల్లగా ఉన్నప్పుడు చేయాలి. వేడి రేకు మీద పోసిన నీరు మన చెయ్యి తిరిగేలోపే ఆరిపోతుంది.

పాత మచ్చలకు నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి, ముందు ఒక మూల రుద్ది చూసి, వెంటనే కడిగేయమన్నాను. కొన్ని పోయాయి. బాగా పాతవి కొన్ని ఇంకా ఉన్నాయి.

పైపు మానేసి బకెట్లు పట్టుకున్నాక ఇంకో సంగతి బయటపడింది. అతనికిప్పుడు రెండు బకెట్ల బోరు నీళ్లు, ఒక బకెట్ ఏసీ నీళ్లు సరిపోతున్నాయి. ఇదివరకు పైపు వదిలేసి కడిగేటప్పుడు నీళ్లు వీధి మలుపు దాకా పారేవి. ఏప్రిల్ వస్తే బోర్లు దిగిపోయి ట్యాంకర్ కోసం ఎదురుచూసే వీధి మాది. ఆ నీళ్లు అలా పారుతుంటే నాకు ప్రాణం ఒప్పేది కాదు.

ఈ మాట నలుగురిలో పడ్డాక మా పక్కింటి పెద్దమ్మ అడిగింది. "గాలి నీళ్లంటున్నవు గదా, అందులో ఫ్లోరైడ్ ఉండదు గదా బిడ్డా, తాగొచ్చా మరి?" అని. నల్లగొండలో పుట్టిన వాళ్లకు ముందు వచ్చే ప్రశ్న ఇదే. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన మనుషులను కళ్లారా చూసిన జిల్లా మనది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి దేశమంతా నల్లగొండ పద్ధతి అనే పేరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న లెక్క ఇక్కడ చదువురాని వాళ్లకూ తెలుసు. పెద్దమ్మ అన్నది నిజమే, ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉండదు. అయినా తాగకూడదు. ఏసీ లోపల దుమ్ము, బూజు, సూక్ష్మజీవులు ఉంటాయి. రాగి, అల్యూమినియం గొట్టాల మీదుగా కారిన నీరది. తాగడానికి వద్దు, వంటకు వద్దు, పసిపిల్లల స్నానానికి అసలే వద్దు. తాగడానికి నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లే తాగండి.

ఇన్వర్టర్ బ్యాటరీలో పోయొచ్చా అని కూడా అడుగుతున్నారు. దానికి డిస్టిల్డ్ వాటర్ కొనడమే మంచిది. ఏసీ నీటిలో కలిసే దుమ్ము, లోహం బ్యాటరీకి పడవు.

పట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. పైపు కొస బకెట్ నీటిలో మునగకూడదు. మునిగితే నీరు సరిగా దిగక గదిలో గోడ వెంట కారే ప్రమాదం ఉంది. బకెట్ మీద పాత పలుచటి గుడ్డ కట్టి, ఆ గుడ్డ పైన చుక్కలు పడేలా పెట్టండి. దుమ్ము గుడ్డ మీదే ఆగుతుంది, దోమా లోపలికి పోదు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి తేట నీటిలోనే. వారం పది రోజులు నిలవుంచితే ఆ గుడ్లు దోమలైపోతాయి. అందుకని ఏ రోజు నీళ్లు ఆ రోజే వాడండి, లేదా మర్నాడు. కారు కడగని రోజు గచ్చు తుడవండి, కిటికీ అద్దాలు తుడవండి.

మొన్న ఆదివారం ఆ అబ్బాయి మళ్లీ గేటు దగ్గరికి వచ్చాడు. చేతిలో మూత ఉన్న ఇరవై లీటర్ల ఖాళీ క్యాన్. వాళ్లింట్లో ఏసీ లేదు, ఇన్నాళ్లూ మా బకెట్టే తీసుకుపోతున్నాడు. "ఎదురింటోళ్లను కూడా అడిగిన టీచరమ్మా, వాళ్ల ఏసీ పైపు కింద ఇది పెట్టుకోమన్నరు. ఇగ మీ బకెట్ మీరు ఉంచుకోండ్రి" అన్నాడు.